కాలిందంతా లెక్కకు రావాలి: దహన సమీకరణంలో పరమాణువుల లెక్క

ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలితే మూడు కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ తయారవుతుంది. ఈ మాట ఎవరికి చెప్పినా వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే: పోసింది కిలో అయితే మూడు కిలోలు ఎక్కడి నుంచి వచ్చాయి? న్యాయమైన ప్రశ్నే. దీని జవాబు మనందరం బడిలో చేసిన, చాలామందిమి భయపడి వదిలేసిన ఒక పనిలో ఉంది. రసాయన సమీకరణానికి రెండు వైపులా ఉన్న పరమాణువులను లెక్కపెట్టి సమానం చేయడమే ఆ పని. పాఠ్యపుస్తకం దాన్ని సమీకరణాన్ని తుల్యం చేయడం అంటుంది.

అలవాటైనవాళ్లకు ఇది రెండు నిమిషాల పని. కానివాళ్లకు పరీక్ష ముందు రోజు రాత్రి టెన్షన్. లెక్కలు బాగా వచ్చిన పిల్లలు కూడా ఇక్కడ తడబడటం నేను చాలాసార్లు చూశాను. కూడికలు, గుణకారాలు వాళ్లకు వచ్చు. ఏ అంకెను ముట్టుకోవచ్చు, ఏ అంకెను ముట్టుకోకూడదు, ఎందుకు అన్నది మాత్రం వాళ్లకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పి ఉండరు.

ముందుగా కాలడం అంటే ఏమిటో చూద్దాం. కంటికి అది పోవడంలాగే కనిపిస్తుంది. కాగితం కాలితే గుప్పెడు బూడిద మిగులుతుంది. కొవ్వొత్తి అయితే దాదాపు ఏమీ మిగలదు. 18వ శతాబ్దపు రసాయన శాస్త్రవేత్తలు చాలామంది కూడా అలాగే అనుకున్నారు. మండే ప్రతి పదార్థంలోనూ ఫ్లోజిస్టన్ అనేది ఉంటుందని, కాలేటప్పుడు అది బయటికి వెళ్లిపోతుందని వాళ్ల నమ్మకం. కానీ లోహాన్ని గాలిలో బాగా వేడిచేస్తే వచ్చే భస్మం అసలు లోహం కన్నా ఎక్కువ తూగుతుంది. ఏదో బయటికి పోతే బరువు ఎలా పెరిగింది? ఫ్రాన్స్‌లో ఆంటోనీ లావోయిజర్ ఈ చిక్కును త్రాసుతో విప్పాడు. గంధకం, భాస్వరం కూడా కాలితే బరువు పెరుగుతాయని 1772లో గమనించాడు. తర్వాత తగరాన్ని గాలి చొరబడని పాత్రలో ఉంచి వేడిచేశాడు. పాత్ర మూసి ఉన్నంతసేపు మొత్తం బరువు మారలేదు. తెరిచిన క్షణంలో బయటి గాలి లోపలికి దూసుకెళ్లింది, బరువు అప్పుడు పెరిగింది. అంటే వేడెక్కిన తగరం పాత్రలోని గాలిలో కొంత భాగాన్ని తనలో కలుపుకుంది, ఖాళీ అయిన ఆ చోటును బయటి గాలి నింపింది. తగరం కలుపుకున్న ఆ భాగమే ఆక్సిజన్. చర్యకు ముందు ఎంత పదార్థం ఉందో చర్య తర్వాతా అంతే ఉంటుందని 1789లో వచ్చిన తన గ్రంథంలో లావోయిజర్ రాశాడు. ద్రవ్యనిత్యత్వ నియమం అని మనం చదువుకునేది ఇదే.

ఆ బరువు ఎందుకు మారదో చెప్పింది జాన్ డాల్టన్ పరమాణు సిద్ధాంతం. డాల్టన్ దాన్ని 1808లో పుస్తకంగా తెచ్చాడు. రసాయన చర్యలో పరమాణువులు పుట్టవు, చావవు. ఒకరి చేయి వదిలి ఇంకొకరి చేయి పట్టుకుంటాయి, అంతే. ఎడమవైపు పది కార్బన్ పరమాణువులు ఉంటే కుడివైపు కూడా పది ఉండి తీరాలి. తొమ్మిదే కనిపిస్తే ఒకటి మాయం కాలేదు, మన లెక్క తప్పింది.

ఇప్పుడు అంకెల సంగతి. కార్బన్‌కు సీ, హైడ్రోజన్‌కు హెచ్, ఆక్సిజన్‌కు ఓ అని మూలకానికో అక్షరం పెట్టే పద్ధతి స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ 1813, 1814 ప్రాంతంలో తెచ్చినది. నీటిని హెచ్₂ఓ అని రాస్తాం. హెచ్ కింద ఉన్న చిన్న 2, ఒక నీటి అణువులో రెండు హైడ్రోజన్ పరమాణువులు ఉన్నాయని చెబుతుంది. అదే 4హెచ్₂ఓ అని రాస్తే ముందున్న పెద్ద 4, అలాంటి అణువులు నాలుగు ఉన్నాయని చెబుతుంది. అప్పుడు హైడ్రోజన్లు ఎనిమిది, ఆక్సిజన్లు నాలుగు. ముందున్న అంకె దాని వెనకున్న ఫార్ములా మొత్తాన్ని గుణిస్తుంది, ఒక్క హెచ్‌ను మాత్రమే కాదు. తప్పుల్లో సగం ఇక్కడే జరుగుతాయి.

సైకిల్‌తో పోలిస్తే తేడా తెలుస్తుంది. నాలుగు సైకిళ్లు అంటే ఎనిమిది చక్రాలు. ఎన్ని సైకిళ్లు తెచ్చుకోవాలన్నది మన ఇష్టం. సైకిల్‌కు రెండు చక్రాలు ఉండటం మాత్రం మన ఇష్టం కాదు. మూడో చక్రం తగిలిస్తే అది సైకిల్ కాదు, వేరే బండి. ఫార్ములా కింది అంకె చక్రాల సంఖ్య, ముందు అంకె సైకిళ్ల సంఖ్య. తుల్యం చేసేటప్పుడు మార్చేది సైకిళ్ల సంఖ్యనే.

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. గ్యాస్ పొయ్యిల్లో వాడే ఇంధనాల్లో ప్రొపేన్ ఒకటి. దాని అణువులో మూడు కార్బన్లు, ఎనిమిది హైడ్రోజన్లు. పూర్తిగా కాలితే కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి వస్తాయి. లెక్క చూడకుండా రాస్తే ఇలా ఉంటుంది:

సీ₃హెచ్₈ + ఓ₂ → సీఓ₂ + హెచ్₂ఓ

ఎడమవైపు మూడు కార్బన్లు, కుడివైపు ఒకటే. కాబట్టి కార్బన్ డయాక్సైడ్ ముందు 3 పెడతాం. ఎడమవైపు హైడ్రోజన్లు ఎనిమిది, కుడివైపు రెండు. నీటి ముందు 4 పెడతాం. ఇప్పుడు కుడివైపు ఆక్సిజన్లు లెక్కపెట్టండి. మూడు కార్బన్ డయాక్సైడ్లలో ఆరు, నాలుగు నీటి అణువుల్లో నాలుగు, మొత్తం పది. ఎడమవైపు ఆక్సిజన్ జంటలుగా వస్తుంది. పది కావాలంటే ఐదు జంటలు:

సీ₃హెచ్₈ + 5ఓ₂ → 3సీఓ₂ + 4హెచ్₂ఓ

ఆక్సిజన్‌ను చివరికి వదలమని అందరూ చెబుతారు. ఎందుకో చెప్పేవాళ్లు తక్కువ. పై సమీకరణాన్ని ఇంకోసారి చూడండి. కార్బన్ ఎడమవైపు ప్రొపేన్‌లో మాత్రమే, కుడివైపు కార్బన్ డయాక్సైడ్‌లో మాత్రమే ఉంది. హైడ్రోజన్ కూడా అంతే, ప్రొపేన్‌లోనూ నీటిలోనూ తప్ప ఇంకెక్కడా లేదు. ఆక్సిజన్ మాత్రం కుడివైపు రెండు పదార్థాల్లోనూ ఉంది. ఆ రెండింటి ముందు అంకెలు తేలేదాకా ఎన్ని ఆక్సిజన్లు కావాలో తెలియదు. ఇంకో మాట: ఎడమవైపు ఆక్సిజన్ ఒంటరిగా ఉంది, దానికి వేరే మూలకం అంటుకుని లేదు. దాని ముందు ఏ అంకె పెట్టినా సరిచేసుకున్న కార్బన్ లెక్కగానీ హైడ్రోజన్ లెక్కగానీ చెదరదు. ముందు ఆక్సిజన్‌తో మొదలుపెట్టి చూడండి. ఒకటి సరిచేస్తే ఇంకొకటి తప్పుతుంది, దాన్ని సరిచేస్తే మొదటిది మళ్లీ తప్పుతుంది. దహన చర్యలకే కాదు, ఏ సమీకరణంలోనైనా ఒంటరిగా ఉన్న మూలకాన్ని చివరికి ఉంచుకుంటే పని తేలికవుతుంది.

ప్రొపేన్ మర్యాదగా కుదిరింది. లైటర్లలో నింపే బ్యూటేన్ అలా కుదరదు. దానిలో నాలుగు కార్బన్లు, పది హైడ్రోజన్లు. నాలుగు కార్బన్ డయాక్సైడ్లు, ఐదు నీటి అణువులు రాసుకుంటే కుడివైపు ఆక్సిజన్లు ఎనిమిది, ఐదు కలిపి పదమూడు. బేసి సంఖ్య. ఆక్సిజన్ జంటలుగానే వస్తుంది కదా, పదమూడు ఎలా తేవాలి?

పెన్ను తప్పుదారి పట్టేది ఇక్కడే. ఒకరు ఓ₂ను ఓ₁₃ చేస్తారు. ఇంకొకరు నీటిని హెచ్₂ఓ₂గా మార్చి ఒక ఆక్సిజన్ సర్దుతారు. అంకెలు కలుస్తాయి, కాగితం మీద చూడటానికి బాగానే ఉంటుంది. కానీ హెచ్₂ఓ₂ నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్. గాయాలు కడగడానికి, బట్టలు, జుట్టు రంగు తీయడానికి వాడే రసాయనం. కింది అంకె ఒక్కటి మారిస్తే తాగే నీరు తాగకూడని ద్రవం అవుతుంది. బ్యూటేన్ కాలితే నీరే వస్తుంది. మన లెక్క కుదరలేదని మంట తన పద్ధతి మార్చుకోదు.

ఆ కింది అంకెలు ఊరికే దొరికినవీ కాదు. డాల్టన్ అంతటివాడే నీటి అణువులో ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ ఉంటాయని అనుకున్నాడు. రెండు వంతుల హైడ్రోజన్ వాయువు ఒక వంతు ఆక్సిజన్‌తో కలిస్తే రెండు వంతుల నీటి ఆవిరి వస్తుందని ఫ్రాన్స్ శాస్త్రవేత్త గే లూసాక్ కొలతలు చూపించాయి. ఆక్సిజన్ ఒంటరి పరమాణువుగా ఉంటే ఒక వంతు నుంచి రెండు వంతుల ఆవిరి రావడం కుదరదు. ఆక్సిజన్ అణువు జంటగా ఉంటుందనీ, అది రెండుగా విడిపోతుందనీ అనుకుంటే సరిగ్గా కుదురుతుందని 1811లో ఇటలీ శాస్త్రవేత్త అవొగాడ్రో చెప్పాడు. ఆ మాటను దాదాపు యాభై ఏళ్లు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1860లో జర్మనీలోని కార్ల్స్‌రూలో జరిగిన రసాయన శాస్త్రవేత్తల సమావేశంలో ఇటలీకే చెందిన కనిజారో దాన్ని గట్టిగా వినిపించిన తర్వాతే అభిప్రాయాలు మారడం మొదలైంది. హెచ్₂ఓలోని ఆ చిన్న 2 వెనక అంత కష్టం ఉంది. దాన్ని మన సౌకర్యం కోసం చెరిపేయలేం.

మరి బ్యూటేన్ సంగతి? పదమూడు ఆక్సిజన్లు అంటే ఆరున్నర జంటలు. ముందు 6½ అనే రాసుకోండి, తప్పేమీ లేదు. తర్వాత సమీకరణం మొత్తాన్ని రెండుతో గుణిస్తే భిన్నం పోతుంది:

2సీ₄హెచ్₁₀ + 13ఓ₂ → 8సీఓ₂ + 10హెచ్₂ఓ

కార్బన్లు ఎనిమిదీ ఎనిమిదీ, హైడ్రోజన్లు ఇరవైయ్యీ ఇరవైయ్యీ, ఆక్సిజన్లు ఇరవై ఆరూ ఇరవై ఆరూ. సగం ఆక్సిజన్ అణువు ఎక్కడైనా ఉంటుందా అని అడిగేవాళ్లు ఉంటారు. ఉండదు. కానీ సమీకరణాన్ని అణువులతోనే కాక మోల్‌లతో కూడా చదువుతాం. ఒక మోల్ అంటే 6.02214076 × 10²³ కణాలు, 2019 నుంచి ఇదే కచ్చితమైన నిర్వచనం. సగం అణువు లేకపోయినా సగం మోల్ నిక్షేపంగా ఉంటుంది. అందుకే ఇంజినీర్లు భిన్నాన్ని అలాగే ఉంచి ఒక మోల్ ఇంధనానికి ఎంత ఆక్సిజన్ కావాలో నేరుగా చదువుకుంటారు.

కార్బన్, హైడ్రోజన్ తప్ప వేరేదేమీ లేని ఇంధనానికి ఒక సులువు ఉంది. కార్బన్ల సంఖ్యకు హైడ్రోజన్ల సంఖ్యలో నాలుగో వంతు కలిపితే ఎన్ని ఆక్సిజన్ అణువులు కావాలో తెలుస్తుంది. ప్రొపేన్‌కు 3, 2 కలిపి 5. బ్యూటేన్‌కు 4, 2½ కలిపి 6½. దీన్ని బట్టీపట్టే ముందు ఎందుకో ఒక్కసారి ఆలోచించండి: ఒక కార్బన్‌కు ఒక జంట ఆక్సిజన్ కావాలి, నాలుగు హైడ్రోజన్లు రెండు నీటి అణువులు అవుతాయి, వాటికీ ఒక జంట కావాలి. సూత్రంలో ఉన్నది ఇంతే.

ఇంధనంలోనే ఆక్సిజన్ ఉంటే ఈ సూత్రం సరిపోదు. ఆల్కహాల్ దీపంలోని ఇథనాల్ అణువులో రెండు కార్బన్లు, ఆరు హైడ్రోజన్లతో పాటు ఒక ఆక్సిజన్ కూడా ఉంటుంది. కాలితే రెండు కార్బన్ డయాక్సైడ్లు, మూడు నీటి అణువులు వస్తాయి. వాటిలో ఆక్సిజన్లు ఏడు. ఒకటి ఇథనాల్ తనతోనే తెచ్చుకుంది. గాలి ఇవ్వాల్సింది ఆరు, అంటే మూడు జంటలు. ఈ ఒక్కటిని తీసేయడం మరచిపోయి మూడున్నర జంటలు రాసేవాళ్లు చాలామంది. మన శరీరంలో గ్లూకోజు నుంచి శక్తి వచ్చే చర్య మొత్తాన్ని ఒక్క వరుసలో రాసినా ఇదే లెక్క. ఆరు కార్బన్ డయాక్సైడ్లు, ఆరు నీటి అణువులకు కలిపి ఆక్సిజన్లు పద్దెనిమిది. గ్లూకోజులోనే ఆరు ఉన్నాయి. మిగతా పన్నెండు, అంటే ఆరు జంటలు మనం పీల్చే గాలి నుంచి రావాలి:

సీ₆హెచ్₁₂ఓ₆ + 6ఓ₂ → 6సీఓ₂ + 6హెచ్₂ఓ

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. పెట్రోలు ఒక్క పదార్థం కాదు, ఎన్నో హైడ్రోకార్బన్ల, అంటే కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉన్న పదార్థాల మిశ్రమం. లెక్క కోసం ఎనిమిది కార్బన్లు, పద్దెనిమిది హైడ్రోజన్లు ఉన్న ఆక్టేన్‌ను దాని బదులు తీసుకుందాం. ఒక ఆక్టేన్‌కు పన్నెండున్నర ఆక్సిజన్ జంటలు పడతాయి, ఎనిమిది కార్బన్ డయాక్సైడ్లు, తొమ్మిది నీటి అణువులు వస్తాయి. ఒక మోల్ పరమాణువుల బరువు గ్రాముల్లో కార్బన్‌కు 12, హైడ్రోజన్‌కు 1, ఆక్సిజన్‌కు 16 చొప్పున వేసుకుంటే 114 గ్రాముల ఆక్టేన్ 400 గ్రాముల ఆక్సిజన్‌తో కలుస్తుంది. 352 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, 162 గ్రాముల నీరు తయారవుతాయి. ఎడమవైపు 514, కుడివైపు 514. లావోయిజర్ త్రాసు చెప్పిందే మళ్లీ కనిపించింది. ఇప్పుడు 352ను 114తో భాగించండి, 3.09 వస్తుంది. కిలోకు మూడు కిలోలు వచ్చింది ఇలాగే. బయటికి వచ్చిన ప్రతి 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌లో పెట్రోలు నుంచి వచ్చింది 12 గ్రాములు, మిగతా 32 గ్రాములు గాలిలోని ఆక్సిజన్. ట్యాంకులో పోయించుకున్నప్పుడు ఆ ఆక్సిజన్‌ను మనం తూచలేదు కాబట్టే లెక్క నమ్మబుద్ధి కాలేదు. ఇదే లెక్కలో ఇంకోటీ ఉంది: కిలో ఆక్టేన్‌కు దాదాపు 1.4 కిలోల నీరు. చలి ఉదయం బండి స్టార్ట్ చేసిన కొద్దిసేపటికి పొగగొట్టం చివర నుంచి కారే చుక్కలు ఆ నీరే.

సరిగ్గా కుదిరిన సమీకరణం అన్నీ చెప్పేస్తుందని మాత్రం అనుకోకూడదు. రెండు బ్యూటేన్ అణువులు, పదమూడు ఆక్సిజన్ అణువులు ఒకేసారి ఒకచోట గుద్దుకుని చర్య జరగదు. మంటలో ఎన్నో చిన్న చిన్న మెట్లు, క్షణికమైన అణు ముక్కలు ఉంటాయి. సమీకరణం మొదటి నిల్వ, చివరి నిల్వ చూపించే ఖాతా. మధ్యలో ఏం జరిగిందో దానిలో ఉండదు. పైగా చివరి నిల్వ ఇదేనని చెప్పింది కూడా మనమే. పూర్తిగా కాలింది అని ముందే అనుకున్నాం.

కొవ్వొత్తి దగ్గర ఆ అనుకున్నదాన్ని పరీక్షించవచ్చు. మైకేల్ ఫారడే లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లల కోసం ఒక్క కొవ్వొత్తి మీదే వరుస ఉపన్యాసాలు ఇచ్చాడు. మంటకు పైన కొంచెం ఎత్తులో పొడిగా, చల్లగా ఉన్న గాజు గ్లాసును బోర్లించి పట్టుకోండి. కొన్ని సెకన్లలో లోపలి గోడ మసకబారుతుంది. వేలితో తుడిస్తే తడి. మైనంలోని హైడ్రోజన్ నీరైందనడానికి అది సాక్ష్యం. ఇప్పుడు స్టీలు చెంచాను మంటలోని పసుపు భాగంలో ఒక్క క్షణం పెట్టి తీయండి. నల్లటి మసి అంటుకుంటుంది. ఆ మసి ఆక్సిజన్ అందని కార్బన్. మంట అంచు దాకా వెళ్లి ఉంటే గాలి దొరికి కార్బన్ డయాక్సైడ్ అయ్యేది, చెంచా మధ్యలో ఆపేసింది. మన సమీకరణంలో మసికి చోటే లేదు.

మసి కంటికి కనిపిస్తుంది. కార్బన్‌కు రెండు ఆక్సిజన్ల బదులు ఒక్కటే దొరికితే వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ (సీఓ) కనిపించదు, వాసనా ఉండదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఆక్సిజన్ చాలకపోతే ప్రొపేన్ ఇలా కూడా కాలవచ్చు:

2సీ₃హెచ్₈ + 7ఓ₂ → 6సీఓ + 8హెచ్₂ఓ

లెక్కపెట్టి చూడండి, ఇదీ సరిగ్గా కుదిరిందే. ఒక ప్రొపేన్‌కు ఐదు ఆక్సిజన్ జంటలు దొరికితే అంతా కార్బన్ డయాక్సైడ్. మూడున్నర దొరికితే ఇలా అంతా కార్బన్ మోనాక్సైడ్ కావచ్చు. నాలుగు దొరికితే ఒక కార్బన్ డయాక్సైడ్, రెండు కార్బన్ మోనాక్సైడ్. నాలుగున్నర దొరికితే రెండు, ఒకటి. అన్నింటిలోనూ నీరు నాలుగే, అన్నింటిలోనూ పరమాణువుల లెక్క సరిపోతుంది. పూర్తి దహనంలో తెలియని గుణకాలు, అంటే ఫార్ములాల ముందుండే అంకెలు నాలుగు, షరతులు మూడు: కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్. కాబట్టి గుణకాల నిష్పత్తి ఒక్కటే వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ కూడా చేరితే తెలియనివి ఐదు అవుతాయి, షరతులు మూడే మిగులుతాయి. అప్పుడు జవాబులు లెక్కలేనన్ని. వాటిలో నిజంగా జరిగింది ఏదో కాగితం చెప్పలేదు, మంట దగ్గరికి ఎంత గాలి చేరిందో కొలవాలి. కిటికీలన్నీ మూసిన గదిలో ఏదైనా మండించవద్దని గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. అక్కడ గాలి తగ్గుతున్నకొద్దీ సమీకరణం మనకు తెలియకుండానే ఒకదాని నుంచి ఇంకోదానికి జారిపోతుంది.

కారు ఇంజిన్‌లో ఈ కొలత నిరంతరం జరుగుతూనే ఉంటుంది. ఇథనాల్ కలపని పెట్రోలు పూర్తిగా కాలడానికి కిలోకు సుమారు 14.7 కిలోల గాలి కావాలి. గాలిలో ఎక్కువ భాగం నైట్రోజన్ కాబట్టి అంత బరువు. పొగ బయటికి పోయే గొట్టంలో ఒక చిన్న ఆక్సిజన్ సెన్సర్ బిగించి ఉంటుంది. పొగలో ఆక్సిజన్ మిగిలి ఉంటే పెట్రోలు తక్కువైందని అర్థం, ఇంజిన్ కంప్యూటర్ కాస్త పెంచుతుంది. ఏమీ మిగలకపోతే పెట్రోలు ఎక్కువైందని తగ్గిస్తుంది. మనం కాగితం మీద చివరికి వదిలిపెట్టి లెక్కించిన ఆక్సిజన్‌నే అది కూడా చూస్తుంది.